గ్యాసు సరే... నూనె సంగతేంటి?

ఏప్రిల్ సగం దాటిందంటే రాజమండ్రి నుంచి నరసాపురం దాకా కారు ఏసీ మెకానిక్కులకు భోంచేసే తీరిక ఉండదు. వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట... 'చల్లదనం తగ్గిందండీ, గ్యాస్ కొట్టాలేమో చూడండి'. గేజీలు తగిలిస్తారు, సిలిండర్ తిప్పుతారు, కాసేపట్లో చల్లగాలి వచ్చేస్తుంది. గ్యాస్ ఎంత పట్టిందని అడుగుతాం. ఏ కంపెనీదని అడుగుతాం. కిందటేడు కన్నా ఎక్కువ తీసుకుంటున్నావేమిటని కాసేపు బేరమూ ఆడతాం. 'నూనె ఏం పోశావు?' అని మాత్రం అడగం. ఏసీలో నూనె ఉంటుందన్న సంగతే మనలో చాలామందికి తెలియదు మరి!

ఇంజినుకి ఆయిల్ ఉంటుంది, గేర్‌బాక్సుకి ఉంటుంది. అలాగే ఏసీకీ ఉంటుంది. చిన్న కారులో అది మహా అయితే ఓ టీ గ్లాసుడు. వంద మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. ఖరీదూ పెద్దగా కాదు, వందల్లోనే. కానీ ఆ గ్లాసుడు నూనెలో తేడా వస్తే పోయేది వేలు పోసి కొనాల్సిన కంప్రెసర్. సొంత కారైతే ఆ నెల ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది. అన్నవరానికో, మారేడుమిల్లికో కిరాయికి తిరిగే ట్రావెల్స్ బండైతే పెళ్లిళ్ల సీజన్లో వారం రోజుల సంపాదన ఆగిపోతుంది. అమలాపురం నుంచి కాకినాడ ఆసుపత్రికి మే నెల మిట్టమధ్యాహ్నం పెద్దాయన్ని తీసుకెళ్తుంటే దారిలో ఏసీ ఆగిపోయిందనుకోండి... అప్పుడు డబ్బు సంగతి ఎవరికీ గుర్తురాదు.

గ్యాసుతో పాటే ప్రయాణం

ఇంజిన్ ఆయిల్‌కి కింద సంప్ ఉంటుంది. డిప్‌స్టిక్ పైకి తీసి ఎంతుందో చూసుకోవచ్చు. ఏసీ నూనెకి ఆ సదుపాయం లేదు. చాలా కార్లలో అది ఒకచోట నిలవుండదు, గ్యాసుతో కలిసి తిరుగుతూనే ఉంటుంది. కంప్రెసర్ గ్యాసుని ఒత్తి వేడెక్కిస్తుంది. ఆ వేడి గ్యాసు రేడియేటర్ ముందుండే కండెన్సర్లోకి వెళ్లి, చల్లబడి ద్రవమవుతుంది. డ్రయ్యర్లో తడి వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వులోని సన్నని దారిలోంచి కూలింగ్ కాయిల్లోకి చిమ్ముతుంది. అక్కడ మళ్లీ ఆవిరవుతూ కారులోని వేడిని లాగేసుకుంటుంది. అట్నుంచి తిరిగి కంప్రెసర్‌కి. బండి నడుస్తున్నంతసేపూ ఇదే తిరుగుడు.

ఈ దారంతా నూనె గ్యాసుని అంటిపెట్టుకునే ఉండాలి. అందుకు అది ఆ గ్యాసులో బాగా కలిసిపోయే రకమై ఉండాలి. కలవని నూనె పోస్తే ఏమవుతుంది? కంప్రెసర్లోంచి బయటికైతే పోతుంది కానీ తిరిగి రాదు. కూలింగ్ కాయిల్ అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. నూనె పేరుకున్న కాయిల్ సరిగ్గా చల్లబడదు. ఇవతల కంప్రెసర్లో పిస్టన్లు పొడిగా రాసుకుంటూ ఉంటాయి. మొదట్లో చిన్న కీచుమనే చప్పుడు... తర్వాత గరగర... ఆ తర్వాత ఓ రోజు 'పట్టేసిందండీ' అని మెకానిక్ చెబుతాడు.

అంతటితో అయిపోతే నయమే. పట్టేసిన కంప్రెసర్ అరిగిన లోహపు రజను గొట్టాల్లోకి వదిలేస్తుంది. నూనె నల్లటి బురదలా మారి కండెన్సర్ సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది. ఇప్పటి కండెన్సర్లలో ఆ దారులు ఎంత సన్నగా ఉంటాయంటే, ఎంత కడిగినా ఆ రజను పూర్తిగా పోదు. కొత్త కంప్రెసర్ ఒక్కటే బిగించి పంపిస్తే ఆ రజనే దాన్నీ తినేస్తుంది. అందుకే తెలిసిన మెకానిక్ కంప్రెసర్‌తో పాటు కండెన్సరూ, డ్రయ్యరూ మార్చాలంటాడు. 'మోసం చేస్తున్నాడు' అనుకుంటాం కానీ ఆ విషయంలో ఆయన మాటే నిజం.

పాత కార్ల నాటి కథ

ఏసీతో కారు అమ్మిన మొదటి కంపెనీగా అమెరికాలోని ప్యాకార్డ్‌ని చెబుతారు. 1940 మోడల్ కార్లకు పెట్టింది. అందులో కంప్రెసర్‌కి క్లచ్ లేదు. చలికాలంలో ఏసీ వద్దనుకుంటే బానెట్ ఎత్తి బెల్టు ఊడదీసుకోవాల్సిందే! ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచమంతటా కార్ల ఏసీల్లో వాడింది ఆర్-12 అనే గ్యాసు. సీఎఫ్‌సీ జాతిది. దానికి జోడీ మినరల్ ఆయిల్, అంటే ముడిచమురు నుంచి తీసిన మామూలు నూనె. ఇద్దరికీ చక్కగా పొసిగేది. మన అంబాసిడర్లకు డ్యాష్‌బోర్డ్ కింద బిగించిన పెట్టె ఏసీలు, తొలినాటి మారుతీల ఏసీలు ఆ జోడీతోనే నడిచాయి.

ఆ గ్యాసు ఆకాశంలోకెళ్లి ఓజోన్ పొరని తినేస్తుందని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1995లో వాళ్లకి నోబెల్ కూడా వచ్చింది. ఇక్కడ మన తెలుగునేలకు సంబంధించిన ముచ్చటొకటుంది. వీరభద్రన్ రామనాథన్ అని మదురైలో పుట్టిన శాస్త్రవేత్త, ఇంజినీరింగ్ అయ్యాక సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ల కంపెనీలో పనిచేశాడు. ఫ్రిజ్‌లలోంచి గ్యాసు ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం అక్కడ ఆయన పని. విసుగొచ్చి అమెరికా వెళ్లిపోయాడు. 1975లో అదే గ్యాసు జాతి మీద ఆయన లెక్కలు వేస్తే తేలిందేమిటంటే... భూమిని వేడెక్కించడంలో ఒక్క సీఎఫ్‌సీ అణువు పదివేలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అణువులకు సమానమని! సికింద్రాబాద్‌లో కారిపోయిన గ్యాసు అలా ప్రపంచ వార్త అయింది.

1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. 2003 మొదలుకొని కొత్త ఏసీల తయారీలో సీఎఫ్‌సీలు వాడకూడదన్నారు. కార్లలోకి ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోన్ జోలికి పోదు. కానీ ఓ చిక్కొచ్చిపడింది. పాత మినరల్ ఆయిల్ ఈ కొత్త గ్యాసులో కలవదు! అందుకే కంపెనీలు పీఏజీ... మెకానిక్కుల భాషలో 'ప్యాగ్'... అనే కృత్రిమ నూనెకి మారాయి. పాలీ ఆల్కిలీన్ గ్లైకాల్ అని దాని పూర్తి పేరు. పేరెందుకు లెండి, డబ్బా మీద ప్యాగ్ అనే ఉంటుంది.

ఇంట్లో పాత బండి ఇంకా ముచ్చటగా దాచుకున్నవాళ్లకి ఓ మాట. ఆర్-12తో నడిచిన ఏసీని ఆర్-134ఏకి మార్పిస్తే పాత నూనె పూర్తిగా తీసేయించాలి. గొట్టాల్లో ఎక్కడో కొంత మిగిలిపోతుంది కాబట్టి అలాంటి బండ్లకి చాలాచోట్ల ఈస్టర్ నూనె వాడతారు. పాత నూనె మిగులుతో అది సర్దుకుపోతుంది, ప్యాగ్ అంతగా సర్దుకోదు.

'మన ఎండలకి చిక్కటిదే మంచిది'

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు మీరూ విని ఉంటారు. ఇంజిన్ ఆయిల్ విషయంలో తాతల కాలం నుంచీ ఉన్న నమ్మకాన్ని తెచ్చి ఏసీకి అంటగడతారు. ప్యాగ్‌లో ప్రధానంగా మూడు చిక్కదనాలు దొరుకుతాయి. 46, 100, 150. ఆ అంకె 40 డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ చిక్కదనం ఎక్కువ. ఇందులో మంచిదీ చెడ్డదీ అని లేదు. ఏ కంప్రెసర్‌కి ఏది సరిపోతుందో దాన్ని తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఖాళీ ఎంత, లోపలి రంధ్రాలు ఎంత సన్నం... వీటి మీద ఆధారపడిన లెక్క అది. మన రోడ్ల మీద తిరిగే జపాన్, కొరియా తరహా చిన్నకార్ల కంప్రెసర్లలో ఎక్కువగా పలచటి 46 వాడతారు. అందులో 150 పోస్తే సన్నని దారుల్లో నూనె సరిగా పారదు. 150 అడిగే కంప్రెసర్లో 46 పోస్తే ఒత్తిడికి పొర తెగిపోయి లోహానికి లోహం తగులుతుంది. రాజమండ్రి ఎండ 45 డిగ్రీలు దాటినా ఈ లెక్క మారదు. కంప్రెసర్ లోపలి వేడి ముందు మన ఎండ ఏపాటిది చెప్పండి?

మరి మన బండికి ఏదో ఎలా తెలుస్తుంది? బానెట్ ఎత్తండి. లోపలి వైపో, రేడియేటర్ పైన ఉండే అడ్డపట్టీ మీదో చిన్న స్టిక్కర్ ఉంటుంది. గ్యాసు పేరు, ఎన్ని గ్రాములో అందులో ఉంటాయి. నూనె పేరు కొన్నిసార్లు అక్కడే ఉంటుంది, కొన్నిసార్లు కంప్రెసర్ ఒంటి మీద అతికించిన కాగితం మీద ఉంటుంది. పేర్లు కొంచెం తికమకగానే ఉంటాయి. డెన్సో కంప్రెసర్ మీద 'ఎన్‌డీ ఆయిల్ 8' అని ఉంటే అది 134ఏ గ్యాసుకి వాడే పలచటి ప్యాగ్. 'ఎన్‌డీ ఆయిల్ 12' అంటే కొత్తగా వస్తున్న 1234వైఎఫ్ గ్యాసుకి. సాండెన్ వాళ్లు 'ఎస్పీ-10' లాంటి పేర్లు పెట్టుకున్నారు. స్టిక్కర్ చెరిగిపోయిందా? కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఛాసిస్ నంబరు చెబితే చూసి చెబుతారు. ఓసారి తెలుసుకుని ఆర్‌సీ కవర్లో ఓ కాగితం ముక్క మీద రాసి పెట్టుకుంటే బండి ఉన్నంతకాలం పనికొస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే.

'యూనివర్సల్' అని రాసిన డబ్బాలూ మార్కెట్లో ఉంటాయి. ఏ గ్యాసుకైనా, ఏ కంప్రెసర్‌కైనా సరిపోతుందంటారు. నా మటుకు నాకు, అందరికీ సరిపోయే చెప్పుల జత మీద ఎంత నమ్మకమో దీని మీదా అంతే. కంప్రెసర్ చేసినవాడు ఒక పేరు చెప్పి, అదే పోయమని అంటుంటే అందరికీ సరిపోయేది వెతుక్కోవడం దేనికి?

డెల్టా గాలితోనే అసలు తంటా

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి. ప్యాగ్ నూనెకి నీళ్లంటే విపరీతమైన ఇష్టం. మూత తీసిన క్షణం నుంచి గాలిలోని తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగా పెట్టకపోతే ఉప్పు నీరు కారుతుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఉప్పు తడిసినట్టు కంటికి కనిపిస్తుంది. నూనె మాత్రం చూడ్డానికి అలాగే తేటగా ఉంటుంది.

మన గాలిలో ఎంత నీరుంటుందో ఓ లెక్క చూద్దాం. వేసవిలో హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉందనుకోండి. ఘనపు మీటరు గాలిలో సుమారు 10 గ్రాముల నీటి ఆవిరి ఉన్నట్టు. అదే భీమవరంలోనో, కాకినాడలోనో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే? దాదాపు 28 గ్రాములు! ఎండ తక్కువే, నీరు మాత్రం రెండున్నర రెట్ల పైన. అటు సముద్రం, ఇటు గోదావరి పాయలు, మధ్యలో కాలవలు, వరిచేలు, చేపల చెరువులు... తేమ లేకుండా ఎలా ఉంటుంది? అందుకే హైదరాబాద్ షెడ్డులో చెల్లిపోయే అలవాటు ఇక్కడ చెల్లదు. లీటరు డబ్బా ఒకటి తెచ్చి, మూత సగం బిగించి బల్ల మీద పెట్టి, వచ్చిన ప్రతి బండికీ అందులోంచే కాస్త కాస్త పోస్తుంటే మూడోరోజు బండికి వెళ్లేది నూనె ఒక్కటే కాదు, నీళ్లు కూడా.

ఆ నీరు లోపల రెండు పనులు చేస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఏసీ కాసేపు చల్లగా వచ్చి, ఆగిపోయి, మంచు కరిగాక మళ్లీ చల్లగా వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. రెండోది ఇంకా చెడ్డది. వేడికి గ్యాసుతో, నూనెతో కలిసి ఆమ్లాలు తయారవుతాయి. అవి అల్యూమినియం గొట్టాలనీ, కాయిల్‌నీ లోపల్నుంచి నెమ్మదిగా కొరుకుతాయి. సముద్రపు ఉప్పుగాలి బయట్నుంచి కండెన్సర్‌ని తినడం తీరప్రాంతం వాళ్లకి కొత్త కాదు. లోపల్నుంచి కూడా మనమే ఎందుకు తినిపించాలి?

గ్యాసు కొట్టేముందు వాక్యూమ్ పెట్టడం అందుకే. లోపలి గాలినంతా పంపుతో లాగేస్తే ఒత్తిడి పడిపోయి, గొట్టాల్లోని తడి మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తుంది. కనీసం అరగంట పెట్టాలి. భాగాలు విప్పి బిగించిన బండికి ఇంకా ఎక్కువసేపు. పది నిమిషాల్లో 'అయిపోయిందండీ' అంటే అవలేదనే అర్థం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గొట్టాల్లోని తడిని వాక్యూమ్ లాగేస్తుంది కానీ ప్యాగ్ నూనె తాగేసిన నీటిని అంత సులువుగా వదిలించలేదు. నూనె లోపలికి వెళ్లేటప్పుడే పొడిగా ఉండాలి.

కాబట్టి చిన్న డబ్బాలే కొనండి. ప్లాస్టిక్ సీసా కన్నా సీలు వేసిన రేకు డబ్బా నయం. మీ కళ్లముందే సీలు తీయమనండి. మిగిలిందా... పారేయడమే మేలు. వంద రూపాయల నూనె పారబోయడానికి మనసొప్పదు, నిజమే. మళ్లీ ఏడాదికి పనికొస్తుందని అటక మీద దాస్తే దాచింది తేమనే. ప్యాగ్ పెయింటుని కూడా పాడుచేస్తుంది. బానెట్ మీద చుక్క పడితే వెంటనే తుడిపించండి. డ్రయ్యర్ విషయంలోనూ ఇంతే. గొట్టాలు విప్పిన బండి రెండ్రోజులు మూతల్లేకుండా షెడ్డులో పడుంటే దాని డ్రయ్యర్ పనైపోయినట్టే, కొత్తది వేయించాల్సిందే.

ఎంత పోయాలి?

'గ్యాసుతో పాటు కొంచెం ఆయిల్ కూడా ఏత్తానండి, మంచిదండి.' ఈ మాట మంచి మనసుతోనే అంటారు. 'ఏదో ఒకటి వెయ్యి బాబూ, చల్లగా వస్తే చాలు' అని మనమూ అనేస్తాం. కానీ ఏసీ నూనె ఇంజిన్ ఆయిల్లా మాడిపోయేదీ, అయిపోయేదీ కాదు. లీకు లేనంతవరకూ లోపలే ఉంటుంది. ఏటా ఓ పాతిక మిల్లీలీటర్లు పోసుకుంటూ పోతే నాలుగేళ్లకి లోపల రెండింతలు తయారవుతుంది. ఎక్కువైన నూనె కాయిల్ గోడలకి పట్టి చల్లదనం తగ్గిస్తుంది. చల్లదనం తగ్గిందని మళ్లీ షెడ్డుకి. మళ్లీ కొంచెం ఆయిల్!

పద్ధతేమిటంటే, పోయినంతే పోయాలి. గ్యాసు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే దాంతో పోయే నూనె చాలా స్వల్పం. గొట్టం పగిలి ఒక్కసారిగా ఊడ్చుకుపోతే ఎక్కువ పోతుంది. కండెన్సర్ మారిస్తే పాతదాంట్లో ఉండిపోయిన నూనె మేరకు, సాధారణంగా 30-40 మిల్లీలీటర్లు, కొత్తగా చేర్చాలి. డ్రయ్యర్‌కి అంతకన్నా తక్కువ, కూలింగ్ కాయిల్‌కి కొంచెం ఎక్కువ. కచ్చితమైన అంకె ఆ కారు సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. కంప్రెసర్ మార్చేటప్పుడు జరిగే పొరపాటు దీనికి పూర్తిగా తిరగేసినది. కొత్త కంప్రెసర్ చాలావరకు నూనెతోనే వస్తుంది. తరచూ ఏసీ మొత్తానికి సరిపడా. పాత కంప్రెసర్‌ని వంచి అందులోని నూనెని కొలతగ్లాసులోకి ఒంపి, ఎంతుందో చూసి, కొత్తదాంట్లోనూ అంతే ఉంచి మిగతాది తీసేయాలి. కొలతగ్లాసు తీసే మెకానిక్ దొరికితే వదులుకోకండి. పాత నూనె ఒంపినప్పుడు రంగు కూడా చూడండి. తేటగా, కాస్త పచ్చగా ఉంటే పర్వాలేదు. నల్లగా, మెరిసే రజనుతో ఉంటే పైన చెప్పుకున్న కథ మొదలైపోయినట్టు.

అన్నట్టు, గ్యాసు ప్రతి వేసవికీ కొట్టించాల్సిన సరుకు కాదు. ఏడాదికే తగ్గిందంటే ఎక్కడో లీకుంది. గొట్టాల జాయింట్ల దగ్గర నూనె జిడ్డు, దాని మీద అంటుకున్న దుమ్ము... ఇదే లీకు ఆనవాలు. నూనెలో కలిపి పంపే రంగు ఒకటుంది. అతినీలలోహిత దీపం వేసి చూస్తే కారిన చోట పచ్చగా మెరుస్తుంది. ముందు అది పట్టుకోవాలి. ఓ-రింగు మారిస్తే పోయేదానికి ఏటా గ్యాసు డబ్బులు కడుతుంటాం. ఇంకో లెక్క కూడా ఉంది. ఓజోన్‌కి హాని చేయని ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో తక్కువది కాదు. కిలో గ్యాసు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని అంతర్జాతీయ ఒప్పందాల్లో వాడే లెక్క. చిన్న కారులోని 450 గ్రాములు గాల్లో కలిస్తే 640 కిలోల పైమాటే. ఈ జాతి గ్యాసుల్ని తగ్గించాలన్న 2016 నాటి కిగాలీ సవరణకి మన దేశం 2021లో ఆమోదం తెలిపింది. కొన్ని దేశాల్లోలా 1234వైఎఫ్ మన కార్లలోకీ పెరిగితే నూనె డబ్బా కూడా మారుతుంది. 134ఏ కోసం చేసిన ప్యాగ్‌ని అందులో పోయకూడదు.

బ్యాటరీ కారుంటే ఇది తప్పక చదవండి

తణుకు, పాలకొల్లు లాంటి ఊళ్లలో కూడా ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు, హైబ్రిడ్ కార్లు కనిపిస్తున్నాయి. వీటిలో కంప్రెసర్‌ని బెల్టు తిప్పదు. లోపలే ఉన్న కరెంటు మోటార్ తిప్పుతుంది. అది కూడా ఇంట్లో వాడే కరెంటు కన్నా ఎక్కువ వోల్టేజితో! మోటార్ తీగచుట్టలు గ్యాసులో, నూనెలో తడుస్తూనే ఉంటాయి. అంటే ఆ నూనె కరెంటుని పారనివ్వని రకమై ఉండాలి. ప్యాగ్ ఆ పనికి చాలదు. అందుకే వీటిలో పీఓఈ అనే ఈస్టర్ జాతి నూనె పోస్తారు. డెన్సో వాళ్ల 'ఎన్‌డీ ఆయిల్ 11' ఆ రకమే.

ఇలాంటి కారులో పొరపాటున కాస్త ప్యాగ్ వెళ్లినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. కారులోని కంప్యూటర్ అది కనిపెట్టి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. కొన్నిసార్లు బండిని కదలనివ్వదు కూడా. ఆటలా కొట్టిపారేసే విషయం కాదిది, ప్రాణాలకి సంబంధించింది. నూనె పోయక్కర్లేదు, అంతకుముందు పెట్రోలు కారుకి వాడిన గేజీ గొట్టాల్లో అంటుకున్న ప్యాగ్ చాలు, కల్తీ అవడానికి. వీటికి గేజీలు, గొట్టాలు, గ్యాసు నింపే యంత్రం విడిగా ఉండాలి, లేదా శుభ్రంగా కడిగి ఉండాలి. మన వీధి చివరి షెడ్డులో ఎంత తెలిసినవాడైనా సరే, ఆ ఏర్పాటు లేకపోతే బ్యాటరీ కారు ఏసీ విప్పనివ్వకండి. కంపెనీ సర్వీస్ సెంటర్ దూరమైనా అక్కడికే. నారింజ రంగు తొడుగున్న తీగల జోలికి ఎవర్నీ పోనివ్వద్దు.

భీమవరం రొయ్య ఎక్కే పెట్టెలోనూ...

నూనె సంగతి చెబుతూ గ్యాసు నాణ్యత గురించి ఒక్క మాటైనా చెప్పకపోతే కుదరదు. మన రొయ్యలు విదేశాలకు వెళ్లే శీతల కంటైనర్లలోనూ ఎక్కువగా ఈ ఆర్-134ఏ గ్యాసే, ఈస్టర్ నూనే వాడుతూ వచ్చారు. 2011లో అలాంటి కంటైనర్ల యంత్రాలు కొన్ని పేలి, వేర్వేరు చోట్ల ముగ్గురు చనిపోయారు. 134ఏ పేరుతో నింపిన నకిలీ గ్యాసులో మిథైల్ క్లోరైడ్ కలిసిందని, అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే మండే పదార్థంగా మారిందని తర్వాత తేలింది. కార్ల కంప్రెసర్లూ అల్యూమినియంతో చేసినవే. చవగ్గా వస్తోందని పేరూ ఊరూ లేని సిలిండర్లోంచి గ్యాసు కొట్టిస్తే నూనె ఎంత సరైనదైనా లాభం లేదు. వంటగ్యాసు జాతివి కలిపి కొట్టించుకోవడం మరీ ప్రమాదం. కూలింగ్ కాయిల్ ఉండేది మన మోకాళ్ల ముందు, డ్యాష్‌బోర్డ్ లోపల!

కోనసీమలో చాలా ఇళ్ల దగ్గర మరో రకం సమస్య. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. అమ్మానాన్నల కోసం కొన్న కారు కొబ్బరిచెట్ల నీడన నెలల తరబడి కదలకుండా ఉంటుంది. సంక్రాంతికి పిల్లలొచ్చి తాళం తిప్పితే ఏసీ చల్లగా రాదు. 'వాడనేలేదు, ఎలా పోయింది?' అని ఆశ్చర్యం. వాడకపోవడం వల్లే పోయింది. కంప్రెసర్ తిరగనప్పుడు నూనె కిందికి జారిపోతుంది. షాఫ్ట్ దగ్గరి రబ్బరు సీలు ఎండిపోయి, గ్యాసు అక్కడ్నుంచి మెల్లగా కారుతుంది. వారానికి ఓసారి, కార్తీకమాసం చలిలోనైనా సరే, ఇంజిన్ వేసి పది నిమిషాలు ఏసీ నడపమని ఇంటి దగ్గరున్న పెద్దవాళ్లకో, అప్పుడప్పుడూ వచ్చే డ్రైవర్‌కో చెప్పండి. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉంచమని కూడా. మూసిన గదిలో ఇంజిన్ పొగ ప్రాణాంతకం.

2025 నుంచి కొత్తగా తయారయ్యే లారీల కేబిన్లకు కూడా ఏసీ తప్పనిసరైంది. ఇన్నాళ్లూ తడి తువ్వాలు మెడకి చుట్టుకుని రావులపాలెం మీదుగా ధాన్యం, కొబ్బరి, చేపలు తోలిన డ్రైవర్లకి అది మంచి కబురే. రోజుకి పది పన్నెండు గంటలు తిరిగే బండి కంప్రెసర్‌కి నూనె విషయంలో మన కార్ల కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. లారీ కొన్నవాళ్లు ఆ స్టిక్కర్ ఫొటో డ్రైవర్ ఫోన్‌లో కూడా ఉంచాలి. ఏసీ మొరాయించేది ఊళ్లో కాదు, ఏ ఒడిశా హైవే మీదో. ఇక షెడ్డుకి వెళ్లినప్పుడు ఎవరైనా రసీదు మీద నాలుగు ముక్కలు రాయించుకుంటే చాలు... గ్యాసు పేరు, ఎన్ని గ్రాములు, నూనె పేరు, ఎన్ని మిల్లీలీటర్లు. మళ్లీసారి ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సొస్తే ముందు చూపించాల్సింది ఆ కాగితమే.